ఎకోలో 'కాల్సిఫైడ్' అని ఉంటే చాలా, డాక్టర్ రాయాలా?

ఉప్పల్_కోడర్:
మెడికల్ కోడింగ్ (రోగి రికార్డులోని జబ్బులకు కోడ్లు వేసే పని) డౌట్. అమెరికా ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో అడ్మిట్ అయిన రోగి) చార్ట్. న్యుమోనియాతో చేరిన 78 ఏళ్ల ఆవిడ. ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో "అయోర్టిక్ వాల్వ్ కాల్సిఫైడ్, మిట్రల్ యాన్యులస్ కాల్సిఫికేషన్" అని ఉంది, అంటే ఒక గుండె కవాటం మీద, ఇంకో కవాటం చుట్టూ ఉండే వలయంలో కాల్షియం పేరుకుంది. అటెండింగ్ (కేసు బాధ్యత చూసే) డాక్టర్ నోట్సులో గానీ డిశ్చార్జ్ సమ్మరీలో గానీ వాల్వుల ఊసే లేదు. నేను కోడ్ చేయలేదు. ఆ రెండింటి కోడ్లు ఐ35.8, ఐ34.81 వదిలేశానని క్యూఏ (కోడింగ్ నాణ్యత చూసే) వాళ్లు రెండు ఎర్రర్లు వేశారు. మీరైతే ఏం చేస్తారు?

ఆడిట్_డెస్క్:
వదిలేయడమే కరెక్టండీ. ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల) గైడ్‌లైన్స్ సెక్షన్ 3-బి జత చేసి రిబటల్ (ఎర్రర్ వేయడం తప్పని జవాబు) పెట్టండి. ఇన్‌పేషెంట్‌లో టెస్టులో తేడా కనిపించినంత మాత్రాన కోడ్ రాదు. దానికి ప్రాధాన్యం ఉందని ప్రొవైడర్ (చికిత్స చేసే డాక్టర్) రాయాలి.

ఫార్మసీ_నుంచి_కోడింగ్:
నేను ఒప్పుకోను. ఎకో చదివి సంతకం పెట్టింది కార్డియాలజిస్టే కదా. అదే ఆవిడ అవుట్‌పేషెంట్‌గా ఎకో చేయించుకుంటే, సెక్షన్ 4-కె ప్రకారం ఆ రిపోర్టులో ఖాయంగా రాసిన డయాగ్నసిస్‌ను కోడ్ చేస్తాం. అడ్మిట్ అయ్యేసరికి ఆ డాక్టరు మాట చెల్లకుండా పోతుందా? మిట్రల్ యాన్యులస్‌కి 2022 అక్టోబర్ 1 నుంచి విడిగా కోడ్ ఇచ్చింది వదిలేయడానికా?

ఆడిట్_డెస్క్:
అక్కడ ఆవిడ వచ్చేదే ఆ టెస్టు కోసం. ఇక్కడ వచ్చింది న్యుమోనియాకి. ఆ కాల్షియం ఈ అడ్మిషన్‌లో చికిత్సను మార్చిందో లేదో అటెండింగే చెప్పాలి.

డాలస్_సీడీఐ:
రోజూ క్వెరీలు (వివరం అడుగుతూ డాక్టరుకు ప్రశ్నలు) రాసేదాన్ని కాబట్టి చెప్తున్నా, అసలు ముప్పు డాక్టరు సగం రాసి ఆపేసినప్పుడు. "అయోర్టిక్ స్టెనోసిస్" (కవాటం ఇరుకవడం) ఒక్కటే రాస్తే ఐ35.0, రుమాటిక్ (రుమాటిక్ జ్వరం వల్ల వచ్చింది) కాదనే లెక్క. కారణం చెప్పకుండా "మిట్రల్ స్టెనోసిస్" ఒక్కటే రాస్తే ఐ05.0, రుమాటిక్. రెండూ కలిపి రాసి కారణం రాయకపోతే ఐ08.0, అదీ రుమాటిక్ ఖాతాలోకే. జన్మలో రుమాటిక్ జ్వరం రాని మనిషి రికార్డులో ఆ జబ్బు ఎక్కి కూర్చుంటుంది, తర్వాత చూసే డాక్టర్లు దాన్నే నమ్ముతారు. అలాగని వయసు చూసి "ఇది డీజెనరేటివే" (అరుగుదల వల్ల వచ్చిందే) అని కోడర్ తేల్చేయకూడదు. క్వెరీ పంపాలి. అందులోనూ "నాన్‌రుమాటిక్ కదా?" అని నోటికి మాట అందించకూడదు. ఎకోలో ఉన్నది చూపించి రుమాటిక్, డీజెనరేటివ్, వేరే కారణం, చెప్పలేం అని ఎంపికలివ్వాలి.

మీ చార్టులో గుండెకు సంబంధించి ఇంకేదైనా పరీక్షో మందో ఆర్డర్ ఉందా? ఉంటే క్వెరీ, లేకపోతే వదిలేయండి.

ఉప్పల్_కోడర్:
లేదు మేడమ్. ఎకో కూడా ఆయాసం ఎందుకో చూడటానికి తీశారు. రిబటల్ పెడుతున్నా.

ఫార్మసీ_నుంచి_కోడింగ్:
ఆయాసం కోసమే తీయించి ఆ ఫలితం గురించి నోట్సులో ఒక్క ముక్క రాయలేదంటే, ఇది వదిలేయాల్సిన చార్ట్ కాదు. డైరెక్ట్‌గా కోడ్ చేయకూడదన్నారు, సరే. క్వెరీ మాత్రం పంపాల్సిందే.