అప్‌డేట్: తుపాను కేంద్రం తెల్లటి మేఘాల కింద లేదు

మొన్న రాత్రి ఇక్కడే అడిగాను: ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహ చిత్రంలో (మేఘాల వేడిని బట్టి తీసేది) తెల్లటి మేఘాల ముద్ద నడుమ నేను కేంద్రం గుర్తు పెడితే, అధికారిక బులెటిన్ దాన్ని బాగా తూర్పున చూపిస్తోంది, ఎందుకని. విషయం తేలింది. ఓపిగ్గా జవాబులు రాసినవాళ్లందరికీ థ్యాంక్స్.

తెల్లవారాక విజిబుల్ చిత్రం (ఎండ వెలుగులో తీసేది) చూడమన్న సలహాయే పనిచేసింది. ఎండ పడగానే ముద్ద తూర్పు అంచుకు అవతల, పల్చటి కింది మేఘాలు దారాల్లా సుడి తిరుగుతూ కనిపించాయి. పైన పెద్ద మేఘమే లేదు. ఆ ఫ్రేములు వరసగా ఆడిస్తుంటే ఒళ్లు పులకరించింది. కేంద్రం బులెటిన్ చెప్పిన చోటే ఉంది.

కారణం విండ్ షియర్, అంటే ఎత్తును బట్టి గాలి దిశ, వేగం మారిపోవడం. పైగాలులు ఉరుము మేఘాలను పడమరకు నెట్టేయడంతో కేంద్రం బయటపడింది. రాత్రిపూట వెతికేవాళ్లు 37 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ చిత్రం చూడండి, పైనున్న మంచు మేఘాల చాటున దాగిన కింది వానపట్టీలు అందులో తెలుస్తాయి.

నేను అనుమానించిన పారలాక్స్ తేడా (ఉపగ్రహం ఏటవాలుగా చూడటంతో ఎత్తైన మేఘాలు పక్కకు జరిగినట్టు కనిపించడం) నిజమే గానీ ఇక్కడ చాలా చిన్నది. చిత్రానికీ బులెటిన్‌కీ టైమ్ గొడవ అసలు లేదు, రెండూ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉన్నాయి.

షియర్ తగ్గితే మేఘాల కిందే కొత్త కేంద్రం ఏర్పడొచ్చు కాబట్టి ప్రతి బులెటిన్‌కీ గుర్తు మారుస్తున్నాను.