వింత కుట్ర కథలు: లెక్క వేస్తే ఎక్కడ తెగుతాయి?

దిక్సూచి: బల్లపరుపు భూమి వీడియోల్లో ఒకటే సూత్రం: దూరాన్ని మైళ్లలో తీసుకుని, వర్గం చేసి 8 అంగుళాలతో గుణించు; అవతలి వస్తువు అంత మేర భూమి వంపు వెనక దాగాలి. 20 కిలోమీటర్లకు 31 మీటర్లు దాగాలి, దాగలేదు, కాబట్టి భూమి గుండ్రంగా లేదట. మెలిక ఎక్కడుంది?

లెక్కల మాస్టారు: సూత్రం తప్పు కాదండీ, వాడకం తప్పు. కన్ను నీటిమట్టానికి ఆనించి చూస్తేనే అది పనికొస్తుంది. ముందు దిగంతం (నింగీ నేలా కలిసినట్టు కనిపించే గీత) దూరం తీయండి: కెమెరా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 2 మీటర్ల ఎత్తుకు 5.05. 20లోంచి తీసేస్తే 14.95. దాన్ని వర్గం చేసి 12.74తో భాగించండి: 17.5 మీటర్లు. 31 ఎక్కడ, 17 ఎక్కడ!

పిల్లకాకి: మాస్టారూ, వక్రీభవనం వదిలేశారు. మామూలు గాలిలో కాంతి కాస్త కిందికి వంగుతుంది కాబట్టి 3.57 బదులు 3.86, 12.74 బదులు 14.87 వేస్తారు. అప్పుడు 14 మీటర్లకు దిగుతుంది. నీరు చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటే ఇంకా వంగుతుంది, ఈ సగటు అంకెలూ చాలవు. 1838లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫోర్డ్ కాలువ దగ్గర బల్లపరుపు భూమి వాది రోబోథమ్ బోల్తా పడింది ఇక్కడే. నీటికి 8 అంగుళాల ఎత్తులో కన్ను పెట్టి, 6 మైళ్ల అవతలి పడవ కనిపించింది కనుక నీరు చదునే అన్నాడు. 1870లో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ అక్కడే చూపురేఖను 13 అడుగులకు లేపి, మధ్యలోనూ అదే ఎత్తున గుర్తు పెట్టాడు. మధ్య గుర్తు పైకి తేలింది, అంటే నీరు వంపు తిరిగే ఉంది. 500 పౌండ్ల పందెం గెలిచీ సుఖపడలేదు పాపం, పందెం కాసి ఓడిన బల్లపరుపు వాది హాంప్‌డెన్ ఏళ్ల తరబడి తిట్లతో వెంటాడాడు.

దిక్సూచి: అయితే కెమెరా ఎత్తు, దూరం, అవతలి వస్తువు ఎత్తు, ఈ మూడూ చెప్పని వీడియోతో వాదన దండగే.

పంచాంగం: వీటన్నిటికన్నా తెలివైన ఎత్తుగడ జర్మన్ రచయిత ఇల్లిగ్‌ది, 1991 నాటిది. 614 నుంచి 911 దాకా ఉన్న 297 ఏళ్లు జరగనే లేదట, ఆ కాలపు యూరప్ చక్రవర్తి షార్లమేన్ కల్పితమట. జూలియన్ క్యాలెండర్ సుమారు 128 ఏళ్లకు ఒక రోజు తప్పుతుంది. క్రీ.పూ. 45 నుంచి 1582కి 13 రోజులు తేడా రావాలి, ఆ ఏడు క్యాలెండర్ సవరించిన పోప్ గ్రెగరీ తీసింది 10. ఆ మూడు రోజులకు సరిపడా ఏళ్లను ఎవరో దొంగగా చేర్చారని వాదన. కానీ సవరణ లెక్క 325 నాటి నిసియా క్రైస్తవ మతసభ నుంచి, వసంత విషువత్తును (పగలూ రాత్రీ సమానమయ్యే రోజును) మళ్లీ మార్చి 21కి తేవడానికి. 325 నుంచి 1582కి 1257 ఏళ్లు, 128తో భాగించండి: 9.8, అంటే దాదాపు 10 రోజులే.

పిల్లకాకి: ముస్లింల హిజ్రీ శకం మొదలైందే 622లో, సరిగ్గా ఆ లేవన్న ఏళ్లలో! చైనావాళ్లు 837లో హేలీ తోకచుక్కను రాసిపెట్టారు, వెనక్కి లెక్కేసినా అదే ఏడు.

నిద్రలేమి: జర్మనీలో బీలెఫెల్డ్ అనే ఊరే లేదంటారు, దాన్నెలా కొట్టేయాలి?

పంచాంగం: అక్కర్లేదు, 1994లో పుట్టిన జోకు. 2019లో ఆ నగరమే, ఊరు లేదని నిరూపిస్తే 10 లక్షల యూరోలు ఇస్తామంది. పిట్టలన్నీ డ్రోన్లన్నదీ 2017 నాటి వేళాకోళమే.

నిద్రలేమి: మరి ఒకే ఆకాశంలో ఒక విమానం చార వెంటనే మాయమై, ఇంకోది గంటలు నిలవడం? రెండోది రసాయనం అంటున్నారు.

లెక్కల మాస్టారు: కింది నుంచి రెండూ ఒకే ఎత్తులో ఉన్నట్టుంటాయి, అదే చిక్కు. విమానాల జాడ చూపే యాప్‌లో ఎత్తులు చూడండి, తరచూ వెయ్యి మీటర్లో రెండు వేలో తేడా ఉంటుంది. ఇంజిన్ ఆవిరి ఆ చలికి మంచు రేణువులవుతుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే అవి ఇట్టే ఆవిరైపోతాయి, తేమ నిండుగా ఉంటే పెరిగి పరుచుకుంటాయి. ఎత్తులు ఒకటే అయినా ఆగండి, దూరం చూడండి: పక్క పక్క గాలి పొరల్లోనూ తేమ ఒక్కలా ఉండదు.