అప్‌డేట్: మియాపూర్ రీసేల్ ఫ్లాట్ టోకెన్ విషయం తేలింది

"వేరే పార్టీ రెడీగా ఉంది, టోకెన్ ఈరోజే ఇచ్చేయండి" అని ఏజెంట్ తొందరపెడుతున్నాడు, ఇవ్వాలా అని ఇక్కడ అడిగాను. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్సండీ.

ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయమన్న మాటే మమ్మల్ని కాపాడింది. ఓనర్ లోన్ కోసం బ్యాంకులో టైటిల్ డీడ్స్ (ఫ్లాట్ అసలు పత్రాలు) డిపాజిట్ చేసిన ఎంట్రీ అందులో కనిపించింది. లోన్ ఇంకా తీరలేదని లాయర్ గారు తేల్చారు. ఏజెంట్ ఆ మాటే ఎత్తలేదు, అదే బాధ. లోన్ బాకీ నేరుగా బ్యాంకు ఖాతాకే కడతామని, బ్యాంకు ఆ పత్రాలు రిలీజ్ చేశాకే మిగతాది ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించాం. ఓనర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) నంబరు చూడాలా అన్న చర్చ మా కేసుకి అక్కర్లేకపోయింది. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి అనుమతి వచ్చిన ప్రాజెక్టులకే రెరా. మాది పాత బిల్డింగ్. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ఓనర్‌కి ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాం.