లాంగ్‌జంప్ 3.70 దగ్గరే ఆగిపోయింది, గాలిలో ఏం చేయాలి?

ఖాకీ_కల:
అన్నలూ, తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేస్తున్నా. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఏమో, 2022లో ఇచ్చిన కొలతలే పెట్టుకున్నా. 1600 మీటర్లు 6:50కి వస్తోంది, 7:15 లోపు చాలు కాబట్టి దానికి టెన్షన్ లేదు. లాంగ్‌జంప్ నెల రోజులుగా 3.70 దాటట్లేదు, 4 కావాలి. షాట్‌పుట్‌లో గుండు 5.60 పడుతోంది, 6 కావాలి. గాలిలో కాళ్లు ఆడిస్తే దూరం పెరుగుతుందా? ఇంకోటి, కాలు ఆనించి ఎగిరే బోర్డు దగ్గరికొచ్చేసరికి అడుగు కుదరక సగం జంపులు ఫౌల్. ఎవరైనా చెప్పండి.

సిక్కోలు_రన్నర్:
మీకు 1600 సులువుగా ఉంది, అదృష్టవంతులు. మా ఆంధ్రాలో 8 నిమిషాలిచ్చారు, అదీ నాకు చుక్కలు చూపించింది. రోజూ తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీద పరిగెత్తా. పరుగులో ఒక్కో అడుగుకి ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుందని నాకప్పుడు తెలియదు. రెండు నెలలకి మోకాలి కింద ముందరి ఎముక పట్టేసి మెట్లు దిగలేకపోయా. మట్టి గ్రౌండ్‌కి మారాకే తగ్గింది. ముందు ఎక్కడ పరిగెత్తుతున్నావో చూసుకో.

బీయస్సీ_ఫిజిక్స్:
ఇంటర్ ఫస్టియర్ ప్రక్షేపకం (విసిరిన వస్తువు) పాఠం చదివితే ఈ ప్రశ్నే రాదు. గరిష్ఠ వ్యాప్తి, అంటే ఎక్కువ దూరం, 45 డిగ్రీల దగ్గర. జంపైనా గుండైనా అదే సూత్రం. పన్నెండేళ్లుగా కోచింగ్‌లో ఫిజిక్స్ చెబుతున్నాను, ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. 45కి ఎగురు, 45కి విసురు.

పాత_పీఈటీ:
సార్, నేను 31 ఏళ్లు గ్రౌండ్‌లో నిలబడ్డాను. 45 డిగ్రీలకు లాంగ్‌జంప్ చేసినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు. ప్రపంచ స్థాయి వాళ్లు కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగానే లేస్తారు. పరుగు వేగం వాళ్లకి సెకనుకు 10 మీటర్ల పైనే, బోర్డు మీద కాలు ఆనేది సెకనులో ఎనిమిదో వంతు. ఆ కాస్త సమయంలో పైకి ఎంత వేగం వస్తుంది? 3, మహా అయితే 3.5 మీటర్లు. 45 కావాలంటే ముందుకెళ్లే వేగాన్నీ 3కి దించుకోవాలి. అప్పుడు రెండు మీటర్ల దగ్గరే ఇసుకలో పడతారు. మీ స్టూడెంట్స్‌కి ఇదేనా చెబుతున్నారు?

బీయస్సీ_ఫిజిక్స్:
సూత్రం తప్పంటారా? దూరం సూత్రంలో సైన్ 2 తీటా గరిష్ఠం ఏ కోణంలోనో చెప్పండి మాస్టారూ. విజిల్ ఊదినంత మాత్రాన ఫిజిక్స్ మారదు.

పాత_పీఈటీ:
సూత్రం తప్పని ఎవరన్నారు. అది ఫిరంగి గుండుకి. ఫిరంగిని ఏ కోణంలో పెట్టినా వేగం అంతే వస్తుంది. మనిషి ఫిరంగి కాదు.

కబడ్డీ_రైట్‌కవర్:
మా కబడ్డీలో ఈ డిగ్రీల గొడవే లేదు. గరిమనాభి (ఒంటి బరువు కేంద్రం) కిందికి, కాళ్లు వెడల్పు, అంతే. నిటారుగా నిలబడి యాంకిల్ పట్టినవాణ్ని రైడర్ లాక్కుపోయాడు, చూశాం కదా అందరం.

ఖాకీ_కల:
అన్నా, నా బోర్డు సంగతి...

లెక్కల_పిచ్చి:
గుండు సంగతి నేను తేలుస్తా, రాత్రి కూర్చుని లెక్క కట్టా. బీయస్సీ సార్ సూత్రంలో వదిలింది ఏంటంటే, గుండు నేల మీద నుంచి బయల్దేరదు. చెయ్యి చాచేసరికి సుమారు 2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సెకనుకు 6.6 మీటర్ల వేగంతో వదిలామనుకోండి. 45 డిగ్రీలకు 5.94 మీటర్లు. 40కి 6.09. 35కి 6.12. అంటే అదే బలంతో 45కి విసిరినవాడు ఇంటికి, 35కి విసిరినవాడు మెయిన్స్‌కి. పెద్ద త్రోయర్లు 14 మీటర్ల వేగంతో వదులుతారు కాబట్టి వాళ్లకి లెక్క ప్రకారం 42, 43 రావాలి. కానీ పైకి తోసేకొద్దీ గుండు బరువునీ ఎత్తాలి కదా, వేగం తగ్గుతుంది. అందుకే వాళ్లూ 37 దగ్గరే ఆగుతారు.

బీయస్సీ_ఫిజిక్స్:
ఎత్తు సంగతి నాకు తెలియదా? సరళంగా ఉండాలని చెప్పలేదు.

లెక్కల_పిచ్చి:
"చర్చించడానికి ఏమీ లేదు" అన్నారు సార్, పైకి వెళ్లి చూసుకోండి.

ఓరుగల్లు_చిరుత:
2 మీటర్ల ఎత్తట. నేను 152 సెంటీమీటర్లు. పొట్టివాళ్ల సంగతి ఎవరూ రాయరు ఇక్కడ.

లెక్కల_పిచ్చి:
అక్కా సారీ. మీ ఎత్తుకి విడిగా కట్టలేదు గానీ, పై లెక్కలోనే వదిలే ఎత్తు 25 సెంటీమీటర్లు తగ్గిస్తే దూరం 20 దాకా తగ్గుతోంది. అన్యాయమే.

ఓరుగల్లు_చిరుత:
ఆ తగ్గేదంతా ఎత్తు వల్ల కాదు తమ్ముడూ, చెయ్యి పూర్తిగా చాచకముందే వదిలేయడం వల్ల కూడా. నాకు 4 కేజీల గుండు 3.60 పడేది. మోచెయ్యి కిందికి జారిపోయి బంతి విసిరినట్టు విసిరేదాన్ని. మా సీనియర్ ఒకామె గుండు లేకుండా పది రోజులు ఉత్త కాళ్లే చేయించింది. మోకాలు వంచి లేవడం, నడుము తిప్పడం, ఆఖర్న చెయ్యి. గుండు మీద మన తోపు ఎంత ఎక్కువ సేపు, ఎంత ఎక్కువ దూరం ఉంటే అంత వేగం. ఒట్టి చేత్తో తోస్తే కొద్ది దూరమే తోపు. కాలి మడమ నుంచి మొదలైతే మీటరు పైన. ఈవెంట్స్ రోజు 4.35 పడింది నాకు. ఏ డిగ్రీయో నేను చూసుకోలేదు.

పాత_పీఈటీ:
ఇదీ మాట.

నీరజ్_అభిమాని:
మన నీరజ్ చోప్రా 2025లో దోహాలో ఈటె 90.23 మీటర్లు విసిరాడు. ఆయన కూడా 45 కంటే బాగా తక్కువ కోణంలోనే వదులుతాడు. అయినా ఇప్పటి ఈటె వేరు. 1984లో తూర్పు జర్మనీ ఉవే హోన్ 104.80 విసిరేసరికి గ్రౌండ్ సరిపోదేమోనని భయపడి, 1986లో ఈటె గరిమనాభిని ముందుకి జరిపారు. మూతి తొందరగా కిందికి వాలుతుంది. పాత ఈటె అయితే మనవాడు ఎంత విసిరేవాడో!

సిక్కోలు_రన్నర్:
పాత ఈటె అయితే మిగతావాళ్లూ విసిరేవాళ్లు కదా బాబూ. కుర్రాడు లాంగ్‌జంప్ అడిగితే ఈటె పట్టుకొచ్చారు.

కబడ్డీ_రైట్‌కవర్:
లాంగ్‌జంప్ అంటే అమెరికా బాబ్ బీమన్. 1968 మెక్సికో ఒలింపిక్స్, 8.90. పాత రికార్డు 8.35. పెద్ద జంపర్లు చాలామంది గాలిలో సైకిల్ తొక్కినట్టు తొక్కుతారు. అందుకే తమ్మీ, కాళ్లు ఆడించు.

పాత_పీఈటీ:
తప్పు. కాలు బోర్డు వదిలాక గరిమనాభి దారిని ఎవరూ మార్చలేరు, గాలిలో తన్నడానికి అక్కడ ఏమీ లేదు. బోర్డు మీద కాలు ఆపినప్పుడు పైశరీరం ముందుకి తూలుతుంది, ఆ తిరుగుడుని కాళ్లూ చేతులూ ఆడించి చంపుకుంటారు. లేకపోతే బోర్లా పడతాం, కాళ్లు ముందుకి చాచలేం. 8 మీటర్లు దూకేవాడికి దానికి టైం ఉంటుంది. నాలుగు మీటర్ల జంపులో అర సెకనుంటావు గాలిలో, ఏం తొక్కుతావు సైకిలు? మోకాళ్లు ఛాతీ దగ్గరికి తెచ్చి మడమలు ముందుకి పెట్టు, చాలు. వెనక్కి చెయ్యి ఆనించావా, కొలత చేతి గుర్తు దగ్గరికే. ఆ ఒక్కదానికే జానెడు పోగొట్టుకున్న పిల్లలు ఎంతమందో.

బీయస్సీ_ఫిజిక్స్:
మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తు. గాలి పలచన. బీమన్ గొప్పతనంలో గాలి వాటా ఉంది. దీన్నైనా ఒప్పుకుంటారా?

లెక్కల_పిచ్చి:
కొంచెం ఉంది సార్. అదే గాలిలో దూకిన మిగతావాళ్లెవరికీ 8.90 రాలేదు కదా.

ఖాకీ_కల:
పీఈటీ సార్, చేతి గుర్తు నాదే! ఫ్రెండ్ వీడియో తీస్తే తెలిసింది, ప్రతిసారీ వెనక్కి కూలబడుతున్నా. మడమలు పెట్టగానే మోకాళ్లు వదిలేసి పక్కకి దొర్లడం మొదలుపెట్టా. నిన్న 3.91. గుండు 5.80. కానీ బోర్డు ప్రశ్నకి పందొమ్మిది పోస్టుల్లో ఒక్కరూ జవాబివ్వలేదు. నిన్న కూడా ఆరింటిలో మూడు ఫౌల్.

ఓరుగల్లు_చిరుత:
బోర్డు దగ్గర్నుంచి వెనక్కి పరిగెత్తు తమ్ముడూ. జంప్ కాలు బోర్డు మీద పెట్టి, ఇసుకకి వీపు తిప్పి, ఫుల్ స్పీడ్‌లో పన్నెండు అడుగులు. పన్నెండో అడుగు పడిన చోట ఫ్రెండ్‌తో రాయి పెట్టించు. అదే జంప్ కాలు పడుతుంది. ఐదారుసార్లు చెయ్యి, రాళ్లన్నీ దగ్గర దగ్గరగా పడితే మధ్యలోది నీ మార్కు. రేపు ఆ కాలు మార్కు మీద పెట్టి బయల్దేరు, బోర్డు వైపు చూడకు. చూశావా, ఆఖరి మూడడుగులు చిన్నవైపోతాయి, స్పీడ్ చస్తుంది. ఆఖరి ముందడుగు కాస్త పొడుగ్గా, నడుము కొంచెం దించి వెయ్యి. చివరిది టక్కున. పాదం మొత్తం ఆనాలి, మునివేళ్లు కాదు.

ఖాకీ_కల:
థాంక్స్ అక్కా. రేపు పొద్దున్నే రాళ్లు పట్టుకెళ్తా.

కబడ్డీ_రైట్‌కవర్:
రాళ్లెందుకు, చెప్పులు పెట్టు.

సిక్కోలు_రన్నర్:
చెప్పులు పెడితే ఆ గ్రౌండ్‌లో కుక్కలు ఎత్తుకుపోతాయి. నావి రెండు జతలు పోయాయి.