బీగిల్ ఊరికే మొరుగుతోంది, జాడ మీద గొంతు పోకుండా మాన్పించడం ఎలా?

నిద్రకరువు:
మా చిటికెకు తొమ్మిది నెలలు. ఆడ బీగిల్, వాసన పట్టి వేటాడే జాతి కుక్క. వాసన పట్టి జాడ తీయడం నేర్పిస్తున్నాను. వాసన పట్టించిన గుడ్డను గడ్డిలో ఈడ్చి వదిలితే దాని పనితనం ముచ్చటగా ఉంటుంది. ముందు తోక చివర గిరగిరా తిరుగుతుంది, నాలుగు అడుగులు వేస్తుంది, ఆ తరువాత తల ఎత్తకుండానే గొంతెత్తుతుంది. సాగదీసినట్టుండే ఆ అరుపు నాకు కావాలి. పొదల్లో కనబడనప్పుడు అది ఎటు పోతోందో చెప్పేది అదే.

బాధంతా మిగతా వేళల్లోనే. గొలుసు చేతిలోకి తీసుకుంటే మొరుగుతుంది. గిన్నె చప్పుడైతే మొరుగుతుంది. వేరే కుక్క వంతు వచ్చినప్పుడు దీన్ని చెట్టుకు కట్టేస్తే ఆ పావుగంటా ఆగదు. నేను "ఆపు, ఆపు" అని కేకలేస్తాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, రెట్టింపు హుషారుతో అందుకుంటుంది. నిన్నటికి నా గొంతు బొంగురుపోయింది, దానిది మాత్రం చెక్కుచెదరలేదు. గట్టిగా మందలిస్తే జాడ మీద కూడా మూగబోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

గట్టిచేయి:
మెడకు షాక్ కాలర్ కట్టండి, అదే, మొరిగితే కరెంటు షాక్ కొట్టే పట్టీ. వారంలో దారికి వస్తుంది.

నాలుగో బీగిల్:
దయచేసి ఆ పని చేయకండి. ఏది పనికొచ్చే అరుపో, ఏది పనికిరానిదో కాలర్‌కు తెలియదు. కుక్క కూడా ఆ నొప్పిని తన అరుపుకే ముడిపెడుతుందన్న నమ్మకం లేదు. ఆ క్షణంలో ఎదురుగా ఏది ఉంటే దానికి ముడిపెట్టవచ్చు. అది పక్కనున్న కుక్క కావచ్చు, మీరే కావచ్చు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే వీటిని కుక్కలకు వాడకూడదన్నారు. నా రెండో కుక్క విషయంలో ఆ తప్పు నేనూ చేశాను. ఇల్లు నిశ్శబ్దమైంది, నిజమే. కానీ బయట జాడ తగిలితే చాలు, తల ఎత్తి బిక్కుబిక్కుమంటూ నా వైపు చూసేది. దాని బెరుకు పోవడానికి దాదాపు ఏడాది పట్టింది.

మీ సమస్యకు జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది. గొలుసు తీశారు, అది మొరిగింది, మీరు తలుపు తెరిచారు. దాని లెక్కలో తలుపు తెరిచింది మీరు కాదు, దాని మొరుగుడు. ఇక మీ కేకలంటారా, తోడు దొరికిందని సంబరపడుతోంది!

గొలుసుతోనే మొదలుపెట్టండి. మొరిగిందా, మాట్లాడకుండా గొలుసును మేకుకు తగిలించి కూర్చోండి. నోరు మూశాక మళ్లీ లేవండి. నా మూడో కుక్కతో మొదటి సాయంత్రం పదిహేడుసార్లు లేచి కూర్చున్నాను, మోకాళ్లకు మంచి వ్యాయామం. రెండు మూడు రోజులకు మొరుగుడు తగ్గకపోగా పెరగవచ్చు. ఇంతకాలం చెల్లిన నాణెం ఇప్పుడెందుకు చెల్లడం లేదో దానికి అర్థం కాదు, అందుకని గుప్పెడు విసిరి చూస్తుంది. సరిగ్గా అప్పుడే మనసు కరిగి తలుపు తీశారంటే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే. గిన్నె దగ్గరా ఇదే పద్ధతి.

చెట్టు దగ్గర కష్టం. అక్కడ దూరమే మీ ఆయుధం. అవతలి కుక్క కనబడుతున్నా ఇది మొరగనంత దూరంలో కట్టండి, అది యాభై అడుగులైనా సరే. రెండు క్షణాలు ఊరుకుందా, వెంటనే గోరంత తాయిలం నోటికి అందాలి. మీరు జేబు తడుముకునేలోగా మొరిగితే ఆ తాయిలం మొరుగుడుకు ముట్టినట్టే. తరువాత ఐదు క్షణాలు, ఆపైన పది. అది నిశ్శబ్దంగా ఉన్నప్పుడే "ఉష్" అని మెల్లగా ఒక్కసారి అని తాయిలం ఇవ్వండి, ఆ మాటకు అర్థం అలా పడుతుంది. జాడ మీద ఉన్నప్పుడు మాత్రం ఆ మాట నోట రానివ్వకండి. మరీ ఆగలేకపోతే కొన్ని తాయిలాలు గడ్డిలో చల్లండి. ముక్కుకు పని దొరికితే నోటికి తీరిక ఉండదు.

నిద్రకరువు:
జాడ మీద ముక్కు నేలకు ఆనించే కదా అరుస్తుంది?

నాలుగో బీగిల్:
బాగా పట్టుకున్నారు! అది తరుముతున్నప్పుడు. గడ్డిలో తాయిలం ఏరుకుంటూ అరిచిన బీగిల్ నాకు ఇంతవరకు తారసపడలేదు.

రెండుతోకలు:
మీరు ఇంట్లో లేనప్పుడు కూడా మొరుగుతుందా? తలుపు గీరడం, చొంగ కార్చడం వంటివి ఉంటే అది ఒంటరితనపు బెదురు కావచ్చు. దానికి ఈ పద్ధతి పనికిరాదు, పశువైద్యుడికి చూపించండి.

నిద్రకరువు:
లేదండీ, నేను లేకపోతే హాయిగా నిద్రపోతుందట. పక్కింటివాళ్లు చెప్పారు, కాస్త చిన్నబుచ్చుకున్నాను.

నిద్రకరువు (మూడు వారాల తరువాత):
గొలుసు గొడవ తొమ్మిదో రోజుకు తీరింది. నాలుగో రోజు నిజంగానే నరకం చూపించింది. గిన్నె దగ్గర ఇప్పుడు కూర్చుని పెదవులు నాక్కుంటుంది, అంతే. చెట్టు దగ్గర ముప్పై అడుగుల వరకు వచ్చాం, అంతకన్నా దగ్గరైతే కుయ్‌కుయ్ మొదలవుతుంది. నిన్న గుడ్డ ఈడ్చిన జాడ మీద వదిలాను. పొదల అవతలి నుంచి ఆ సాగదీసిన గొంతు వినబడింది. అలవాటుగా "ఉష్" అనబోయి, చేత్తో నా నోరు నేనే మూసుకున్నాను.