భయపెట్టే బుల్లి యానిమేషన్లు చూపించి కథలు రాయించడం: తెలుగు క్లాసుకు మేలా, కీడా?

నల్లబల్ల
ఆరో తరగతి తెలుగు. 38 మంది. వరసగా రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. "సొంతంగా కథ రాయండి" అంటే వచ్చేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: అనగనగా ఒక ఊరు, అందులో ఒక సోమరి, చివర్లో ఒక నీతి. ఈ అచ్చు పగలగొట్టడానికి, మాటల్లేని, కాస్త ఒళ్లు జలదరించే యానిమేషన్ చిత్రం చూపించి రాయిద్దామని ఆలోచన. అనుకున్నది రోడ్రిగో బ్లాస్ 2009లో తీసిన ‘ఆల్మా’. నిడివి సుమారు ఐదున్నర నిమిషాలు.

చూడనివాళ్ల కోసం: మంచు కప్పిన వీధి, మనిషి జాడ లేదు. గోడ నిండా సుద్దతో రాసిన పేర్లు. ఒక పాప వచ్చి తన పేరూ రాస్తుంది. ఎదుటి కొట్టు అద్దంలో అచ్చం తనలాంటి బొమ్మ కనిపిస్తుంది. లోపలికెళ్లి దాన్ని ముట్టుకుంటుంది. ఆ బొమ్మలోనే చిక్కుకుపోతుంది. కథ అంతే.

దీనివల్ల రాత బాగుపడుతుందా, పిల్లల్ని ఊరికే బెదరగొట్టినట్టవుతుందా? ఎటువైపైనా సరే, కారణంతో చెప్పండి.

పలక_బలపం
వద్దంటాను. నా గొడవ భయం గురించి కాదు, నకలు గురించి. సినిమా చూపించి రాయమంటే వచ్చేది కథ కాదు, సినిమా సారాంశం. "ఒక అమ్మాయి వచ్చింది. గోడ మీద పేరు రాసింది. బొమ్మను చూసింది. లోపలికి వెళ్లింది." కాగితం తర్వాత కాగితం ఇదే. తప్పు పిల్లలది కాదు. వీధి ఎలా ఉందో, పాప ముఖం ఎలా ఉందో, వెలుతురు ఏ రంగో అన్నీ తెర మీదే తయారుగా ఉన్నాయి. వాళ్లు కట్టడానికి ఇటుక కూడా మిగల్లేదు.

పైగా భయం కోసం అంత దూరం వెళ్లాలా? ‘చందమామ’ బేతాళ కథల్లో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ ఒక్కటే: భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. మిగతాదంతా చదివేవాళ్ల బుర్రలోనే జరిగేది. ఆ ఒక్క బొమ్మ ఇచ్చి రాయించండి.

తెరవెనుక
పలక_బలపం గారూ, జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు, మందు దగ్గరే నాకు పేచీ. నకలు వచ్చేది సినిమా చూపించినందువల్ల కాదు, చివరిదాకా చూపించినందువల్ల. ముగింపు చూసిన పిల్లవాడికి రాయడానికి ప్రశ్న ఉండదు, జవాబే ఉంటుంది.

‘ఆల్మా’ అయితే ఆపాల్సిన చోటు ఒక్కటే: పాప అరమీదికి ఎక్కి బొమ్మవైపు చెయ్యి చాపినప్పుడు. వేళ్లు తగలకముందే. రెండు క్షణాలు ఆలస్యమైతే క్లాసంతా "చిక్కుకుపోయింది" అనే రాస్తారు. ఎక్కడ ఆపాలో ముందురోజే చూసి, నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. సినిమా పేరు మాత్రం పిల్లలకు చెప్పొద్దు. చెబితే సాయంత్రానికి ఇంట్లో ఫోనులో ముగింపు చూసేస్తారు.

మొదటి పీరియడు: ఆపే చోటిదాకా ఒకసారి మాట్లాడకుండా చూపించండి. రెండోసారి మూడు చోట్ల ఆపండి: పేర్ల గోడ, కొట్టు అద్దం, మూడు చక్రాల బండి మీద బొమ్మ తలుపువైపు పారిపోబోయే చోటు. ఆపిన ప్రతిసారీ రెండు నిమిషాలు. పుస్తకంలో మూడు గళ్లు: చెవి, ముక్కు, చర్మం. కన్ను గడి ఉండకూడదు. కన్ను గడి ఇస్తే పలక_బలపం గారు చెప్పిన సారాంశమే వస్తుంది. తెర ఇవ్వలేనివి వాసన, స్పర్శ. అక్కడే పిల్లలు సొంతంగా కట్టాలి.

ఆ తర్వాత ‘మార్పిడి’, పది నిమిషాలు. మంచు వీధి తీసెయ్యాలి. మంచు ఎరగని పిల్లలు మంచు గురించి రాస్తే అది సినిమాల్లో చూసిన మంచే అవుతుంది. దాని బదులు తీర్థంలో (ఊరి జాతరలో) బొమ్మల కొట్టు పెట్టండి, జనం వెళ్లిపోయిన వేళ. కొండపల్లి బొమ్మ పొణికి కర్రతో చేస్తారు, చేతిలో పెడితే బరువే తెలియదు. ఆ బొమ్మ ఎత్తబోతే బరువుగా ఉందనుకోండి. భయం పుట్టడానికి అంతకు మించి అక్కర్లేదు.

రెండో పీరియడు: 15 నిమిషాలు నిశ్శబ్దంగా రాత, 12 నుంచి 15 వాక్యాలు చాలు. 8 నిమిషాలు పక్కవాళ్లకు పైకి చదవడం. 10 నిమిషాలు ఒక్క పేరా మాత్రమే తిరగరాయడం. మొత్తం తిరగరాయమంటే అందంగా ఎత్తి రాస్తారు తప్ప ఒక్క మాటా మార్చరు.

ఊయల
పిల్లల మానసిక స్థితి చూసే పని నాది, అటువైపు నుంచి నాలుగు మాటలు. ‘ఆల్మా’లో చిక్కంతా దెయ్యం లేకపోవడంలో ఉంది. దెయ్యం ఉంటే పారిపోవచ్చు. ఇక్కడ తప్పేమీ చేయని పాప శాశ్వతంగా చిక్కుకుపోతుంది, కాపాడేవాళ్లు రారు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు ఇది చూపించొద్దు. ఆరో తరగతికి పరవాలేదు, కొన్ని జాగ్రత్తలతో.

లైట్లు ఆర్పొద్దు. "చీకటైతేనే మజా" అని పిల్లలే అడుగుతారు, ఒప్పుకోవద్దు. తలుపు తెరిచి ఉంచండి. చూడలేనివాళ్లు తలొంచుకుని చెవి గడి మాత్రం నింపవచ్చని ముందే, అందరికీ కలిపి చెప్పండి. అప్పుడు తలొంచుకోవడం పిరికితనం కాదు, అదీ ఒక పనే అవుతుంది. ఆఖరి పీరియడులో పెట్టొద్దు, ఆ బొమ్మ కళ్లు నేరుగా ఇంటికి, పడక మీదికి వెళ్తాయి. ఈ మధ్య ఇంట్లో చావు చూసిన బిడ్డ ఉంటే ఆ రోజుకు వేరే పని ఇవ్వండి.

ఇంకోటి. దెయ్యాలున్నాయని గట్టిగా నమ్మే ఇళ్ల నుంచి పిల్లలు వస్తారు, చేతికి తాయెత్తుతో. "దెయ్యాల్లేవు, పిచ్చీ" అని నవ్వితే ఆ పిల్లవాడు ఇంకేమీ రాయడు. ఉన్నాయా లేవా అన్నది సైన్సు పీరియడులో తేల్చుకోండి, ఇక్కడొద్దు.

నాలుగు, ఐదు తరగతులకైతే 1929 నాటి డిస్నీ ‘అస్థిపంజరాల నాట్యం’ (ద స్కెలిటన్ డాన్స్) మేలు. అదీ ఐదున్నర నిమిషాలే. గుడ్లగూబ, గబ్బిలాలు, సమాధుల మీద కీచులాడే నల్లపిల్లులు, నాలుగు అస్థిపంజరాలు. ఒకటి ఇంకొకదాని వెన్నెముక మీద తాళం వాయిస్తుంది. చివర్లో కోడి కూయగానే అన్నీ సమాధిలోకి పరుగు. కోడి కూసిందంటే భయానికి తలుపు పడినట్టే. చిన్నపిల్లలకు ఆ తలుపు కావాలి.

పలక_బలపం
ఊయల గారూ, మీరు చెప్పిన రెండోదాంతో నాకు పేచీ తక్కువ. అందులో కథ లేదు కాబట్టి సారాంశం రాయడానికి వీల్లేదు. కానీ అక్కడ కూడా బొమ్మ ఎందుకు? తెర కప్పేసి మొదటి నిమిషం శబ్దం వినిపించండి, చాలు. గాలి, గుడ్లగూబ, గంట, కుక్క ఏడుపు. 38 మంది 38 చోట్ల ఉంటారు.

తెరవెనుక
శబ్దంతో మొదలుపెట్టడం మంచిదే. శబ్దంతోనే సరిపెడితే మాత్రం, మాటల నిల్వ తక్కువున్న పిల్లలు "కుక్క అరిచింది, గాలి వీచింది" దగ్గర ఆగిపోతారు. బాగా రాసే ఐదుగురికి శబ్దం చాలు. మిగతా 33 మందికి చూపు ఊతకర్ర. ఊతకర్ర తీసెయ్యడం ఎప్పుడన్నదే లెక్క.

విభక్తి
సినిమా ఏది, ఎక్కడ ఆపాలి అని ఇంతసేపు మాట్లాడారు. తెలుగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇది తెలుగు క్లాసు కదండీ. భయం కలిగించడానికి మన భాషలో ఉన్న పనిముట్లు పిల్లల చేతికి ఇవ్వకపోతే ‘ఆల్మా’ చూపించినా, బేతాళుణ్ణి చూపించినా వచ్చేది "భయంకరమైన" అన్న మాటే, పేజీకి తొమ్మిదిసార్లు.

మొదటి పనిముట్టు, చేసినవాడు కనపడని క్రియ. "తలుపు తెరిచాడు" అంటే మనిషి ఉన్నాడు, భయం లేదు. "తలుపు తెరుచుకుంది" అంటే? ఆర్పాడు, ఆరిపోయింది. కదిపాడు, కదిలింది. మూశాడు, మూసుకుంది. బోర్డు మీద ఇలాంటి ఆరు జంటలు రాసి, సకర్మక అకర్మక క్రియల పాఠం అక్కడే చెప్పెయ్యండి. పరీక్షకూ పనికొస్తుంది.

రెండోది ‘అట’. "ఆ కొట్టు రాత్రంతా తెరిచే ఉంటుంది." సమాచారం. "ఆ కొట్టు రాత్రంతా తెరిచే ఉంటుందట." ఎవరు చెప్పారు? ఎవరికి తెలుసు? రెండక్షరాలతో వెనక ఊరంతా గుసగుసలాడుతుంది. తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న ఊళ్ల కథలన్నీ ఈ ‘అట’ మీద నడిచినవే.

మూడోది చివర ‘ఓ’: ఎవరో, ఏదో, ఎక్కడో. పేజీకి మూడు మించొద్దు. మించితే భయం పోయి మసక మిగులుతుంది. దీనికి తోడు ‘అది’. "అది మెట్లు దిగుతోంది" అంటే పిల్లో, బొమ్మో, ఇంకోటో ఇట్టే తేలదు. ఎంతసేపు తేల్చకుండా ఉండగలరో పందెం పెట్టండి.

వాడకూడని మాటలు బోర్డు మీద ఒక మూల: భయంకరమైన, భయం వేసింది, ఒక్కసారిగా, సడన్‌గా. వాటి బదులు ఒంటికి ఏమైందో రాయాలి: గొంతు పెగల్లేదు, అరచేతులు చెమర్చాయి, నాలుక పిడచగట్టుకుపోయింది. ధ్వన్యనుకరణ పేరాకు ఒక్కటే. కిర్రుమని, టపటపమని, గలగలమని మూడూ ఒకేచోట పడితే పెళ్లి ఊరేగింపే.

తేడా చూడండి. ముందు: "సీతాలు భయంకరమైన కొట్టులోకి వెళ్లింది. అక్కడ ఒక భయంకరమైన బొమ్మ ఉంది. ఆమెకు చాలా భయం వేసింది."

తెరవెనుక గారి పొణికి బొమ్మతో, తర్వాత: "కొట్టులో ఎవరూ లేరు. గల్లాపెట్టె మీద ఊదొత్తి మాత్రం సగం కాలి ఉంది. సీతాలు బొమ్మను ఎత్తింది. దూదిలా ఉండాల్సిన బొమ్మ రెండు చేతులనూ కిందికి లాగేసింది. వెనక తలుపు మూసుకుంది."

ఇందులో ‘భయం’ అన్న మాట ఎక్కడుందో వెతకమనండి.

నల్లబల్ల
విభక్తి గారూ, ఈ జంటలు అచ్చంగా ఎత్తుకుంటున్నాను. రెండు సందేహాలు. తప్పులు దిద్దాలా? మార్కులు ఎలా వెయ్యాలి?

విభక్తి
మొదటి రాతలో ఒత్తులు, పొల్లులు ముట్టుకోవద్దు. ఎర్ర పెన్ను కనపడితే పిల్లలు తెలిసిన మాటల్లోకి ముడుచుకుపోతారు, "పెగల్లేదు" రాయాల్సిన చోట "భయం వేసింది" రాస్తారు. తిరగరాసిన ఒక్క పేరాలో దిద్దండి. పదికి వేస్తే: చేసినవాడు కనపడని క్రియ కనీసం రెండుచోట్ల ఉంటే 3, చెవి ముక్కు చర్మం వాడితే 3, సినిమాలో లేనిది ఒక్కటైనా ఉంటే 2, శుభ్రతకు 2. దయ్యమా దెయ్యమా అని అడుగుతారు. రెండూ వాడుకలో ఉన్నాయి, ఒక కథలో ఒకటే వాడమనండి.

పలక_బలపం
ఒత్తుల విషయంలో ఒప్పుకోను. ఆరో తరగతిలో వదిలేసిన ఒత్తు పదో తరగతిలో కూడా కనపడదు. పైకి చదివేటప్పుడు పక్కవాడి చేత పెన్సిలుతో సున్నా చుట్టించండి. ఎర్ర పెన్నూ ఉండదు, తప్పూ దాక్కోదు.

విభక్తి
పెన్సిలు సున్నా బాగుంది. తీసుకుంటున్నాను.

ఆదివారం_బడి
విదేశాల్లో వారానికొకసారి నడిచే తెలుగు తరగతులకు ఇదంతా ఎక్కువే. అక్కడి పిల్లలు మాట్లాడతారు, రాత నెమ్మది. అక్టోబరులో ఎటూ హాలోవీన్ ఊపు ఉంటుంది కాబట్టి ‘అస్థిపంజరాల నాట్యం’ చూపించి, వలయంగా కూర్చోబెట్టి తలా ఒక ‘అట’ వాక్యం చెప్పించడం, అందులో ఎనిమిదింటిని మాత్రం రాయించడం కుదురుతుంది. క్రియ జంటలు అక్కడ కష్టం. తెరిచింది, తెరుచుకుంది మధ్య తేడా చెవికి అందడానికే నాలుగు వారాలు పడుతుంది.

తెరవెనుక
పరికరాల సంగతి కాస్త. నెట్ నుంచి నేరుగా ఆడించొద్దు. మధ్యలో ప్రకటన వస్తే అక్కడితో ఒళ్లు జలదరించడం అయిపోయింది, క్లాసంతా ఒకటే నవ్వు. అయిపోగానే దానంతటదే వచ్చే తర్వాతి వీడియో మీరు ఎంచుకున్నది కాదు, ఏమొస్తుందో చెప్పలేం. ఐఎఫ్‌పీ తెర (పెద్ద టచ్ స్క్రీన్) ఉన్న బళ్లలో దాని స్పీకర్లు మాటకు సరిపోతాయి, సన్నటి చప్పుళ్లు వెనక బెంచీలకు అందవు. చిన్న స్పీకరు ఒకటి గది మధ్యలో పెట్టండి.

హక్కుల గురించి: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా సిబ్బందికి, విద్యార్థులకు, తల్లిదండ్రులకు మాత్రమే సినిమా చూపించడం ఉల్లంఘన కాదు. బడి యూట్యూబ్ చానల్లో పెట్టడం మాత్రం వేరే సంగతి. 1929 చిత్రానికైతే ఆ బెంగ తక్కువ. మన దగ్గర సినిమా హక్కు 60 ఏళ్లే, అమెరికాలో కూడా 2025 జనవరి 1తో దాని గడువు ముగిసింది.

నల్లబల్ల
సరే. ‘ఆల్మా’, చెయ్యి చాపే చోటిదాకా, లైట్లు వేసి, ఉదయం రెండు, మూడు పీరియడ్లలో. ముగింపు ఆ వారంలో చూపించను. చూడాలని పట్టుబట్టినవాళ్లకు, ఇంట్లో అడిగి వచ్చాక మాత్రమే.

పలక_బలపం
బి సెక్షన్ కూడా మీదేనా? అయితే ఎ సెక్షన్‌కు తెర, బి సెక్షన్‌కు తెర కప్పి శబ్దం. విభక్తి గారి జంటలు రెండింటికీ. కాగితాల మీద సెక్షన్ కనపడకుండా కలిపేసి ఇంకో మాస్టారు చేత దిద్దించండి. సినిమాలో లేనిది ఎందరు రాశారో ఆ 2 మార్కుల గడిలో తేలిపోతుంది.

నల్లబల్ల
ఉంది, 41 మంది. అలాగే చేస్తాను.