నెల్లీ డీన్ కథ చూసి చెప్పిందా, తానే నడిపి చెప్పిందా?

రాత్రిబండి:
ఎమిలీ బ్రాంటీ నవల ‘వదరింగ్ హైట్స్’ (1847) రెండోసారి చదివాను. మొదటిసారి, కేథరిన్ వాళ్లింట్లో పెరిగిన అనాథ హీత్‌క్లిఫ్ మీద ఒళ్లు మండింది. ఈసారి ఆ మంట కథ చెప్పే పనిమనిషి నెల్లీ మీదికి మళ్లింది. అద్దెకు దిగిన లాక్‌వుడ్ జబ్బుపడి మంచమెక్కితే, ఇల్లు చూసుకునే ఈవిడ పక్కన కూర్చుని రెండు కుటుంబాల గొడవంతా చెబుతుంది. మనమూ నమ్మేస్తాం. కానీ తొమ్మిదో అధ్యాయం చూడండి. వంటింట్లో నెల్లీ పసివాణ్ని ఒళ్లో వేసుకుని ఊపుతోంది. ఆ ఇంటి అమ్మాయి కేథరిన్ వచ్చి, పొరుగింటి డబ్బున్న ఎడ్గర్‌తో పెళ్లికి ఒప్పుకున్నానంటుంది. హీత్‌క్లిఫ్‌ను చేసుకుంటే తన పరువు పోతుందనీ అంటుంది. గోడవార బల్ల మీదున్న హీత్‌క్లిఫ్ అంతవరకే విని, చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోతాడు. ‘నేనే హీత్‌క్లిఫ్‌ని’ అని ఆ పిల్ల అనేది ఆ తర్వాత! అతను వెళ్లడం చూసింది నెల్లీ ఒక్కతే. ఆ క్షణంలో గట్టిగా ఒక్క మాట అంటే కథ ఇలా అయ్యేదా?

అరుగుమీద_అత్త:
అన్యాయం బాబూ. ఆవిడ జీతానికున్న మనిషి. మాట్లాడొద్దని కేథరిన్‌ను ఆపబోయింది కదా? పనివాడు జోసెఫ్ వచ్చాడు, హీత్‌క్లిఫ్ కూడా ఇప్పుడు గుమ్మం దగ్గరే ఉన్నాడేమో అంది కూడాను.

రాత్రిబండి:
‘ఉన్నాడేమో’నా అత్తగారూ? లేచి వెళ్లడం కళ్లారా చూసిన మనిషి అనే మాటేనా అది? అసలు సంగతి కేథరిన్ చెవిలో వేసేసరికి అతను ఊరు దాటిపోయాడు. ఆ పిల్ల వానలో తడిసి జ్వరం తెచ్చుకుంది.

పాతసంచిక:
1958లో జేమ్స్ హాఫ్లీ అనే విమర్శకుడు ఈ నవలలో విలన్ నెల్లీయేనని ఏకంగా వ్యాసమే రాశాడు. నాకది మరీ అతి అనిపిస్తుంది. లివర్‌పూల్ నుంచి తెచ్చిన పిల్లాణ్ని, అదే హీత్‌క్లిఫ్‌ను, తెల్లారేసరికి పోతాడులే అని మెట్ల మీద వదిలేసిందెవరు? నెల్లీయే. అందుకు ఆమెను ఇంట్లోంచి పంపేశారు కూడా. ఇదంతా మనకు చెప్పింది ఎవరు మరి? విలనైతే దాచుకునేది కాదా?

రాత్రిబండి:
చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్దవాటి మీద అనుమానం రాదు సార్, పాత ఎత్తే. పన్నెండో అధ్యాయంలో కేథరిన్ గది తలుపేసుకుని తిండి మానేస్తే, అదంతా నాటకమనుకుని నెల్లీ మూడు రోజులు ఆమె భర్త ఎడ్గర్‌కు చెప్పలేదు. తర్వాత ఆయన ఊరుకున్నాడా? గట్టిగానే పెట్టాడు.

అరుగుమీద_అత్త:
అది మాత్రం తప్పే, ఒప్పుకుంటా. కానీ ఆ మొగుడు అదే ఇంట్లో పుస్తకాల మధ్య కూర్చున్నాడు. మూడు రోజులు తలుపు తట్టడానికి చేతులు లేవా? అన్నిటికీ నెల్లీయే దొరికిందా మీకు?

పాతసంచిక:
ఇంకో చిక్కుంది. మిగతా కథ నెల్లీ మాటల్లోనే, కాస్త కుదించి చెబుతానని లాక్‌వుడ్ మధ్యలో అంటాడు. అంటే మన చేతికొచ్చింది ఆయన కత్తిరించగా మిగిలింది. ఏ ముక్క తీసేశాడో?

రాత్రిబండి:
అబ్బా, అది గమనించనేలేదు. మళ్లీ తిరగేయాలన్నమాట.